ముందు ఖాళీ కాలమ్ వెతకడం నేర్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో ఈమధ్య వరసపెట్టి ఏఐ కోర్సుల గురించి రాస్తున్నారు. ఏ కోర్సుకు ఎంత గిరాకీ, ఏ సర్టిఫికెట్‌తో ఎంత ప్యాకేజీ అని. మంచిదే. మా అనంతపురంలో జేఎన్‌టీయూ ఉంది, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది, డిగ్రీ కాలేజీలకైతే కొదవే లేదు. ఏటా బోలెడుమంది పిల్లలు కంప్యూటర్స్ చదివి బయటికి వస్తున్నారు. వాళ్లలో నా దగ్గరికి పని కోసం వచ్చినవాళ్లకు ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ ఇచ్చి "ఇందులో ఏ కాలమ్‌లు పైనుంచి కిందిదాకా ఖాళీగా ఉన్నాయో చెప్పమ్మా" అంటే, ఎక్కువమందికి చేతులు ఆడలేదు. తెలివి లేక కాదు, ఎవరూ చేయించలేదు. ఏఐ కంటే ముందు ఈ చిన్న పని నేర్పాలని, అదీ మొదటి సెమిస్టర్‌లోనే నేర్పాలని అడగడానికే ఈ ఉత్తరం.

నేనెవరో చెప్పాలి కదా. సుభాష్ రోడ్డుకు ఆనుకున్న సందులో ఒక గది అద్దెకు తీసుకుని డేటా పనులు చేసుకుంటాను. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, సర్వేలు చేయించే స్వచ్ఛంద సంస్థలు, పీహెచ్‌డీ స్కాలర్లు, అప్పుడప్పుడు విత్తనాల వ్యాపారులు ఫైళ్లు పంపిస్తారు. వాటిని సరిచూసి, కలిపి, పట్టికలు వేసి ఇస్తాను. బోర్డు మీద ఇంకా "డేటా ఎంట్రీ, డీటీపీ" అనే ఉంది గానీ ఇప్పుడు ఎంట్రీ ఎవరూ చేయించడం లేదు. పల్లెలకు పోయే కుర్రాళ్ల ఫోన్లలోనే ఫారం ఉంటుంది. రైతు చెప్పింది అక్కడికక్కడే నొక్కేస్తారు. నా దగ్గరికి చేరేసరికి అది ఒక టెక్స్ట్ ఫైల్.

ఆ ఫైల్ సంగతి తెలియని పాఠకులకు రెండు మాటలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవగలిగే మామూలు అక్షరాలే అందులో ఉండేవి. ఒక్కో రైతుకు ఒక్కో వరస. వరసలో ఒక జవాబుకూ ఇంకో జవాబుకూ మధ్య విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. కామా పెడితే సీఎస్‌వీ అంటారు, ట్యాబ్ పెడితే టీఎస్‌వీ, కొందరు నిలువు గీత పెడతారు. మొదటి వరసలో కాలమ్‌ల పేర్లు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఎంత పాత సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది కాబట్టి ఆఫీసులు ఒకదానికొకటి ఇలాగే పంపుకుంటాయి. సీఎస్‌వీ ఇలా ఉండాలని 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం కూడా రాసిపెట్టారు. దాన్ని చదివి ఫైల్ తయారుచేసిన మనిషిని మాత్రం నేనింతవరకు చూడలేదు.

సర్వే ఫారంలో 60, 70 ప్రశ్నలు ఉండటం మామూలే. బోరు ఉందా అన్నదానికి లేదని నొక్కితే బోరు లోతు, ఎన్ని అంగుళాల నీళ్లు, మోటారు ఎన్ని హెచ్‌పీ అన్న ప్రశ్నలు తెర మీదికే రావు. ఫైల్‌లో మాత్రం వాటి కాలమ్‌లు ఖాళీగా నిలబడి ఉంటాయి. కుందుర్పి వైపు వర్షాధారంగా వేరుశనగ, కంది వేసుకునే ఊరి ఫైల్‌లో చీనీ (బత్తాయి) తోటల కాలమ్‌లన్నీ ఖాళీగా ఉంటే ఆశ్చర్యం లేదు. అదే చీనీ తోటలు ఎక్కువగా ఉండే నార్పల, పుట్లూరు వైపు నుంచి వచ్చిన ఫైల్‌లో ఆ కాలమ్ ఖాళీగా ఉంటే ఎక్కడో తేడా కొట్టిందన్నమాట.

ఒక సంస్థ పంపిన ఫైల్‌లో డ్రిప్‌కు సంబంధించిన కాలమ్‌లన్నీ కిందిదాకా ఖాళీ. ఫోన్ చేస్తే "రైతులు చెప్పలేదేమో మేడం, ఆ కాలమ్‌లు తీసేసి రిపోర్ట్ వేసేయండి" అన్నారు. డ్రిప్ లేని బోరు కోసం వెతుక్కోవాల్సిన జిల్లా ఇది. అంతమంది రైతుల్లో ఒక్కరు కూడా చెప్పకుండా ఉంటారా? సర్వేకు పోయిన అబ్బాయిని పిలిపించి ఫోన్ చూస్తే జవాబులన్నీ ఉన్నాయి. జరిగిందేమంటే, సర్వే సగంలో ఉండగా ఎవరో ఫారంలో ఆ ప్రశ్నల పేర్లు మార్చారు. ఫైల్‌లోకి కొత్త పేర్లతో కాలమ్‌లు వచ్చాయి, జవాబులు పాత పేర్ల దగ్గరే ఉండిపోయాయి. వాళ్లు చెప్పినట్టు తీసేసి ఉంటే "ఈ ఊళ్లలో డ్రిప్ లేదు" అని రిపోర్ట్ పోయేది. దాన్ని చూపించి వాళ్లకు డ్రిప్ మీద ఇంకో ప్రాజెక్టు కూడా వచ్చేదేమో, చెప్పలేం.

ఇలాంటివి కంటితో పట్టుకోవడం కష్టం. 70 కాలమ్‌ల ఫైల్‌ను తెర మీద కుడికి జరుపుకుంటూ పోతే సగంలోకి వచ్చేసరికి మొదట చూసినవి మరిచిపోతాం. చిన్న స్క్రిప్ట్, అంటే కొద్ది లైన్ల ప్రోగ్రాం ఉంటే ఫైల్ రాగానే నడిపి, ఖాళీ కాలమ్‌ల పేర్లు ఒక కాగితం మీద తీసుకుని, పంపినవాళ్లకు వెంటనే ఫోన్ చేయొచ్చు. సర్వే కుర్రాళ్లు ఇంకా ఆ మండలంలోనే ఉన్నప్పుడు చేసే ఫోన్‌కూ, మూడు నెలల తర్వాత చేసే ఫోన్‌కూ చాలా తేడా.

ఇక పాఠం సంగతి. ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు సాయంత్రాలు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. వాళ్ల రికార్డు బుక్కులు తిరగేశాను. ప్రధాన సంఖ్యలు, ఫిబొనాచ్చి వరస, ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరు, చుక్కలతో పిరమిడ్. చేతిరాత చక్కగా ఉంది, కింద సంతకాలు ఉన్నాయి. ఒక్క ప్రోగ్రాం కూడా బయటి ఫైల్‌ను తెరిచి చదవదు. అన్నీ కీబోర్డు మీద కొట్టిన అంకెలతో నడిచేవే. ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరు కనిపెట్టి పెట్టమని ఇంతవరకు పని ఇచ్చేవాళ్లెవరూ నన్ను అడగలేదు.

వాళ్లకు పైథాన్‌తో మొదలుపెట్టించాను. 1991 నుంచి ఉన్న ప్రోగ్రాములు రాసే భాష, డబ్బు కట్టక్కర్లేదు. సీఎస్‌వీ ఫైళ్లు చదివే మాడ్యూల్ 2003లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి దాంతోపాటే వస్తోంది, విడిగా ఏదీ దించుకునే పని లేదు. అమ్మాయిలకు మొదట తోచిన దారి ఏమిటంటే, ఒకటో కాలమ్ పట్టుకుని కిందిదాకా చూడటం, మళ్లీ పైకొచ్చి రెండోది చూడటం. మనిషి అలాగే చేస్తాడు. కంప్యూటర్ ఫైల్‌ను అడ్డంగా, ఒక వరస తర్వాత ఒక వరస చదువుతుంది. 70 కాలమ్‌లకు ఫైల్‌ను 70 సార్లు మొదటినుంచి చదివించడం అవుతుంది.

అందుకని తలకిందులు చేయమన్నాను. ముందు అన్ని కాలమ్‌లూ ఖాళీయే అనుకోండి. వాటి నంబర్లన్నీ ఒక జాబితాలో పెట్టండి. పేర్లున్న వరసను పక్కన పెట్టి, రెండో వరస నుంచి చదువుతూ పోండి. జాబితాలో ఉన్న కాలమ్‌ల గడులు మాత్రమే చూడండి. గడిలో ఏదైనా కనిపించిందా, ఆ నంబరు కొట్టేయండి. కొట్టేసినదాని జోలికి మళ్లీ పోవద్దు. పరీక్ష హాల్లో హాజరు తీసుకున్నట్టే ఇది, చివర్న టిక్ పడనివాళ్లే గైర్హాజరు. ఫైల్ అయిపోయాక జాబితాలో మిగిలినవే ఖాళీ కాలమ్‌లు. మధ్యలోనే జాబితాలో ఏమీ మిగలకపోతే ఇంక చదవడం దండగ, అక్కడే ఆపేయొచ్చు.

రాస్తే పది, పన్నెండు లైన్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కావలసిన లూప్, షరతు, జాబితా, ఫైల్ తెరవడం, మూయడం అన్నీ ఆ లైన్లలోనే వచ్చేస్తాయి. కొద్ది వరసలు చదివేసరికే ఎక్కువ కాలమ్‌లు జాబితాలోంచి పోతాయి కాబట్టి తర్వాత పని తేలిక. ఒక వరస చదివి వదిలేసి ఇంకోటి చదువుతుంది, ఫైల్ మొత్తం మెమరీలోకి ఎక్కించదు. మా గదిలో ఉన్నది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్. లక్షల వరసల ఫైల్ దాని మీదే నడుస్తోంది. "మా ల్యాబ్‌లో మంచి కంప్యూటర్లు లేవు" అనే మాట ఈ పాఠానికి అడ్డం రాదు.

స్క్రిప్ట్ రాయడం త్వరగానే అయిపోయింది. ఏ గడిని ఖాళీ అనాలన్న దగ్గర మాత్రం చాలా సాయంత్రాలు పోయాయి, నా ఉద్దేశంలో అసలు చదువు అదే.

ఎవరో గడిలో స్పేస్ బార్ ఒకసారి నొక్కి వదిలేస్తారు. కంటికి ఖాళీ, కంప్యూటర్‌కు కాదు. పైథాన్‌లో స్ట్రిప్ అని రాస్తే అటూ ఇటూ ఉన్న స్పేసులు రాలిపోతాయి, తర్వాత చూడాలి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినవాటిలో విడిపోని స్పేస్ అని ఇంకో రకం వస్తుంది, దాని నంబరు 160. ఎక్సెల్‌లో ట్రిమ్ దాన్ని ముట్టుకోదు, పైథాన్ స్ట్రిప్ తీసేస్తుంది. తెలుగు టైపింగ్‌తో వేరే తంటా ఉంది. "ఆఫీస్‌లో" అని సరిగా పడాలంటే సకారం పొల్లు తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొట్టింది చెరిపేసినప్పుడు అక్షరాలన్నీ పోయి ఈ గుర్తు ఒక్కటే గడిలో మిగిలిపోవచ్చు. స్ట్రిప్‌కు కూడా ఇది లొంగదు, పేరు పెట్టి తీయించాలి. ఇంగ్లిష్ పాఠాల్లో దీని ఊసు అరుదు. తెలుగులో డేటా నింపించేది మనం కాబట్టి మన పిల్లలకు మనమే చెప్పుకోవాలి.

చివరి కాలమ్‌ది ఇంకో కథ. విండోస్‌లో తయారైన ఫైల్‌లో ప్రతి వరస చివర రెండు గుర్తులు ఉంటాయి. లినక్స్ పనిముట్లు వాటిలో ఒక్కదాన్నే వరస ముగింపుగా తీసుకుంటాయి. రెండోది చివరి గడిలో కూర్చుంటుంది, దాంతో ఆ కాలమ్ ఎప్పటికీ ఖాళీ అనిపించుకోదు. మొదటి కాలమ్‌కు మరో రకం ఇబ్బంది. యూటీఎఫ్-8లో (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి, ఇలాంటి పద్ధతినే ఎన్‌కోడింగ్ అంటారు) సేవ్ చేసిన కొన్ని ఫైళ్ల మొదట్లో బామ్ అనే మూడు బైట్ల గుర్తు ఉంటుంది, అది మొదటి కాలమ్ పేరుకు అంటుకుపోతుంది. ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే వదులుతుంది. విండోస్ మిషన్ల మీద అసలు ఎన్‌కోడింగే చెప్పకుండా తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలుగా రావచ్చు, లేదా ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోవచ్చు. నా దగ్గర నేర్చుకునే ఇద్దరిలో పెద్దమ్మాయి "ఇదేందక్కా, మా ఊరి పేరు ఇట్ల వస్తా ఉండాది!" అని నవ్వింది. అది చూశాక ఎన్‌కోడింగ్ గురించి విడిగా క్లాసు చెప్పే పని లేకపోయింది.

నేను సొంత పనికి ఎక్కువగా వాడేది ఆక్ అనే పనిముట్టు, టెక్స్ట్ ఫైళ్లను వరస వరసగా చదివే చిన్న భాష. 1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ ముగ్గురూ కలిసి చేశారు, వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. పైథాన్‌లో పన్నెండు లైన్లు పట్టేది ఇందులో ఒక పొడుగు లైన్. కొత్తవాళ్లను మాత్రం మొదటి రోజే బోల్తా కొట్టిస్తుంది. విడదీసే గుర్తు ఏదో మనం చెప్పకపోతే స్పేసులు, ట్యాబ్‌లు వరసగా ఎన్ని ఉన్నా ఒక్కటిగానే లెక్కేస్తుంది. ట్యాబ్ ఫైల్‌లో ఖాళీ గడి అంటే పక్కపక్కన రెండు ట్యాబ్‌లే కదా. ఆ రెండూ ఒకటైపోతే ఖాళీ గడి మాయం, దాని కుడి పక్కవన్నీ ఒక గడి ఎడమకు జరుగుతాయి. గ్రామం రాయని వరసలో గ్రామం చోటికి రైతు పేరు వస్తుంది, రైతు పేరు చోటికి సర్వే నంబరు వస్తుంది. మనం వెతకడానికి వచ్చిన ఖాళీనే అది మింగేస్తుంది. ట్యాబ్ అని గట్టిగా చెబితే బుద్ధిగా పనిచేస్తుంది.

కామా ఫైల్‌కు అదీ చాలదు. చిరునామా గడిలో ఇంటి నంబరు, కమలానగర్, అనంతపురం అని కామాలతో రాసి, చుట్టూ కోట్ గుర్తులు పెడతారు. పాత ఆక్‌కు కోట్ గుర్తులు పట్టవు, ఒక్క చిరునామాను మూడు గడులు చేసేస్తుంది. 2023లో వచ్చిన వెర్షన్లలో సీఎస్‌వీ అని చెప్పే వీలు పెట్టారు. కాలేజీ ల్యాబుల్లో అంత కొత్తవి ఉంటాయని నాకు నమ్మకం లేదు, పిల్లలకు పైథాన్ సీఎస్‌వీ మాడ్యూలే నయం. అందులోనూ కాలమ్ పేర్లతో చదివే పద్ధతి మొదట్లో వద్దంటాను. సర్వే ఫైళ్లలో "రిమార్క్స్" అనే పేరుతో రెండు కాలమ్‌లు ఉండటం మామూలే. పేర్లతో చదివితే రెండోది మొదటిదాన్ని తొక్కేస్తుంది, మొదటిది ఖాళీయో కాదో మనకు తెలియనే తెలియదు. నంబర్లతో చదివితే ఆ బాధ లేదు. వరసలో ఉండాల్సిన గడులకంటే తక్కువ ఉన్నా, ఎక్కువ ఉన్నా ఆ వరస నంబరు విడిగా అచ్చు వేయించండి. ఖాళీ కాలమ్ కంటే అదే పెద్ద రోగం అయి ఉండొచ్చు.

చిన్నమ్మాయి ఉరవకొండ వైపు నుంచి బస్సులో వచ్చే పిల్ల. ఒకరోజు అడిగింది, "అక్కా, సున్నా ఉంటే ఖాళీ కిందికే వస్తుందా?" అని. ఈ ప్రశ్న అనంతపురం పిల్ల అడగాల్సిందే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోటు మనది. స్కాలర్లు తెచ్చే వర్షపాతం ఫైళ్లలో 31 మండలాలు వరసల్లో, తేదీలు కాలమ్‌లలో ఉంటాయి. పొద్దున 8.30కి కొలిచిన లెక్క అది. సున్నా అంటే ఒక మనిషి గానీ మిషన్ గానీ కొలిచింది, వాన లేదు. ఖాళీ అంటే కొలవలేదు, లేదా కొలిచింది ఇక్కడిదాకా చేరలేదు. ఒక తేదీ కాలమ్ మొత్తం ఖాళీగా ఉంటే ఆ రోజు లెక్క ఫైల్‌లో కలవలేదన్నమాట. దాన్ని సున్నాలతో నింపేస్తే? 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన రోజు. ఆ ఖాళీ తేదీన మంచి పదును వాన పడి ఉంటే వాన రోజు ఒకటి పోయి, బెట్ట రోజులు వరసగా పొడుగైపోతాయి. కరవు మండలాల లెక్కల్లో బెట్టకున్న విలువ ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

పైథాన్‌లో ఇక్కడే ఒక గుంట ఉంది. గడిని ముందే అంకెగా మార్చి "ఏమైనా ఉందా" అని అడిగితే సున్నాను లేదనే చెబుతుంది. అక్షరంగా ఉన్నప్పుడే అడిగితే ఉందంటుంది. ఎండాకాలం ఫైల్ ఇచ్చి రెండు రకాలుగా నడిపించాను. ఒక పద్ధతిలో ఏప్రిల్ తేదీలు చాలావరకు ఖాళీ అని వచ్చింది, ఇంకో పద్ధతిలో రెండే రెండు తేదీలు. తేడా ఎక్కడుందో నన్ను అడగకుండా వాళ్లే పట్టుకున్నారు.

గీత గీసి వదిలేయడం, నిల్ అనడం, ఎన్‌ఏ అనడం, తెలియదు అనడం కూడా ఉన్నాయి. ఇవి ఖాళీయో కాదో కంప్యూటర్ చెప్పలేదు, సర్వే చేయించినవాళ్లు చెప్పాలి. అందుకని నా స్క్రిప్ట్ రెండు జాబితాలు ఇస్తుంది. పూర్తిగా ఖాళీవి ఒకటి, ఇలాంటి మాటలు తప్ప ఇంకేమీ లేనివి ఇంకొకటి. పైథాన్‌లో పాండాస్ అనే రెడీమేడ్ లైబ్రరీ వాడితే ఒక్క లైన్‌లో పని అవుతుంది నిజమే. కానీ అది ఎన్‌ఏ అన్న మాటను తనంతట తానే ఖాళీ చేసేస్తుంది. "మాకు వర్తించదు" అని రైతు చెప్పింది కాస్తా "రైతు చెప్పలేదు" అయిపోతుంది. చేత్తో ఒకసారి రాసినవాళ్లు పాండాస్ వాడితే పరవాలేదు.

నాకు తెలిసిన ఒక లెక్చరర్ గారు "ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టుకుంటే పోయేదానికి ఇంత హైరానా ఎందుకమ్మా" అన్నారు. ఇరవై కాలమ్‌లు, ఏడాదికో ఫైల్ అయితే ఆయన మాటే నిజం. వారానికి నాలుగు ఫైళ్లు వస్తే కుదరదు. పైగా ఎక్సెల్ చూసి ఊరుకునే రకం కాదు. 12-3 అనే సర్వే నంబరును 12 మార్చి చేస్తుంది, ఆ మీద సేవ్ నొక్కితే భూమి కాస్తా తేదీ అయి కూర్చుంటుంది. జన్యువుల పేర్లకే ఈ గతి పట్టింది. మార్చ్1, సెప్ట్1 లాంటివి తేదీలుగా మారిపోతున్నాయని 2020లో శాస్త్రవేత్తలు ఆ పేర్లే మార్చుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరసలకు మించి పట్టక 15,841 కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా ఉండిపోయాయి. కొత్త ఎక్సెల్ 10,48,576 వరసల దాకా పడుతుంది గానీ సర్వే నంబర్లతో దాని ఆట మాత్రం మానలేదు. మన స్క్రిప్ట్ ఫైల్‌ను చదువుతుంది, అంతే. అందులో ఏదీ రాయదు.

ఏఐని అడిగితే ఈ స్క్రిప్ట్ నిమిషంలో రాసిస్తుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. రాసిస్తుంది. సున్నాను ఖాళీ కింద లెక్కేసే స్క్రిప్ట్ ఇస్తే, అది తప్పని ఎవరు చెప్పాలి? ఇంకొందరు ఫైల్‌నే తీసుకుపోయి ఆ సైట్లలో పడేస్తున్నారు. అందులో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఒక్కోసారి ఆధార్ కూడా ఉంటాయి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, ఆ రైతు తన నంబరు ఇచ్చింది మన సర్వే కుర్రాడి ముఖం చూసి. గదిలో కూర్చుని, నెట్ లేకుండా పది లైన్లతో అయ్యే పనికి ఆ నంబర్లను ఊరు దాటించడం నాకు నచ్చదు.

స్క్రిప్ట్ పనిచేయగానే అమ్మాయిలిద్దరూ అడిగింది "తీసేద్దామా అక్కా?" అని. వద్దన్నాను. ఈ నెల ఖాళీగా ఉన్న కాలమ్ వచ్చే నెల నిండొచ్చు. ఒక నెల 70 కాలమ్‌లు, ఇంకో నెల 64 అయితే రెండింటినీ కలిపేవాళ్లకు నరకం. పేర్లు చెప్పి ఊరుకోవాలి, ఉంచాలా తీయాలా అన్నది ఫైల్ ఇచ్చినవాళ్ల నిర్ణయం. తర్వాత అదే స్క్రిప్ట్‌ను కొంచెం మార్పించి, కొట్టేయడం బదులు ప్రతి కాలమ్‌లో ఎన్ని గడులు నిండాయో లెక్కపెట్టించాను. ఇది ఇంకా పనికొచ్చింది. వేల వరసల్లో ఒకే ఒక్క గడి నిండిన కాలమ్ ఖాళీల జాబితాలోకి రాదు కదా. తీరా చూస్తే పక్క కాలమ్‌లో పడాల్సిన ఫోన్ నంబరు పొరపాటున అందులో పడింది.

ఫైళ్లు ఇచ్చే ఆఫీసులకు కూడా ఒక మనవి. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా రెండైంది. 63 మండలాల్లో 31 ఇక్కడ ఉన్నాయి, 32 శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. అప్పటినుంచి నాకు వచ్చే ఫైళ్లలో పాత కోడ్ అని ఒక కాలమ్, కొత్త కోడ్ అని ఒక కాలమ్ కనిపిస్తున్నాయి, వాటిలో ఏదో ఒకటి ఖాళీగానే ఉంటోంది. ఎందుకో ఎక్కడా రాసి ఉండదు. ప్రతి ఫైల్‌తోపాటు ఒక చిన్న కాగితం జతచేసి, ఫలానా కాలమ్ అడగలేదు, ఫలానా కాలమ్ ఇక వాడటం లేదు అని నాలుగు ముక్కలు రాస్తే ఎంతమంది టైం మిగులుతుందో.

కాలేజీల వాళ్లు "సిలబస్‌లో మొదట ఉన్నది సీ భాష, మేమేం చేస్తాం" అంటారేమో. సీతోనే చేయించండి. వరసను ముక్కలు చేయడానికి పుస్తకాల్లో చెప్పే స్ట్ర్‌టాక్ ఫంక్షన్ కూడా ఆక్ లాగానే పక్కపక్కన ఉన్న గుర్తులను ఒక్క దాటులో దాటేస్తుంది, ఖాళీ గడిని చూపించదు. ఆ సంగతి ముందు చెప్పకండి. ఒక ట్యాబ్ ఫైల్ ఇచ్చి స్ట్ర్‌టాక్‌తో ఒకసారి, అక్షరం తర్వాత అక్షరం చదువుతూ ఒకసారి రాయించండి. రెండు జవాబులు ఎందుకు కలవలేదో రికార్డు బుక్కులో రాయమనండి. రైతుల పేర్లు, నంబర్లు అన్నీ తీసేసిన నమూనా ఫైల్ ఒకటి నా దగ్గర ఉంది. పైన చెప్పిన చిక్కులన్నీ దాంట్లో పెట్టాను, కామాది ఒకటి, ట్యాబ్‌ది ఒకటి. ఏ కాలేజీ ల్యాబ్ వాళ్లు అడిగినా పెన్ డ్రైవ్‌లో వేసిస్తాను. మీ అనంతపురం ఆఫీసులో ఈ ఉత్తరంతోపాటు ఒక కాపీ ఇచ్చి వెళ్తున్నాను, అడిగినవాళ్లకు ఇవ్వగలరు.

ఇట్లు,
డేటా పనులు చేసుకునే ఒక పాఠకురాలు,
సుభాష్ రోడ్డు, అనంతపురం.